కౌన్సిల్ పాలసీలో మా వీధి పేరుంది, లైసెన్సు వస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి గురించి ఉన్నాయి. పిల్లలు ఇంగ్లండ్‌లో హోటల్ పెట్టాలనుకుంటున్నారు, లేదా వాళ్ళ ఇంటి కింద ఎవరో పెడుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో: ఇంగ్లండ్ మధ్య భాగంలో ఒక మోస్తరు ఊరి కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది), లైసెన్సింగ్ సెక్షన్‌లో పద్నాలుగేళ్ళు పనిచేశాను. దరఖాస్తులు తీసుకోవడం, ప్లాన్లు సరిచూడటం, విచారణ రోజున ఫైళ్ళు అందించడం నా పని. ఇప్పుడు విజయనగరంలో, కోటకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటున్నాను. ఇక్కడ చెప్పే లైసెన్సింగ్ చట్టం ఇంగ్లండ్‌కి, వేల్స్‌కి మాత్రమే. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టాలు వేరు.

*ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంగ్లండ్ వెళ్ళి పదకొండేళ్ళయింది, అక్కడే స్థిరపడ్డాడు. కోడలూ వాడూ కలిసి నలభై సీట్ల ఆంధ్రా రెస్టారెంట్ పెడతామంటున్నారు. భోజనంతో పాటు వైన్, బీరు కూడా ఇస్తారట, రాత్రి పన్నెండు దాకా. షాపు చూసుకున్నారు, నెలాఖరుకి లీజు మీద సంతకం. ఇప్పుడు ఎవరో ఆ వీధి కౌన్సిల్ పాలసీలో ఉంది, కొత్త లైసెన్సులు ఇవ్వరు అన్నారట. వాడికి నిద్ర లేదు, మాకు టెన్షన్. పెట్టుబడికి నేను రెండెకరాల జీడితోట తాకట్టు పెడదామనుకున్నాను. పాలసీ అంటే చట్టమేనా? ఎవరినైనా పట్టుకుంటే పని అవుతుందా? – ఒక తండ్రి, పలాస మండలం*

అన్నయ్యగారూ, ముందు తోట సంగతి. లీజు మీద సంతకం అయ్యేదాకా కాగితాలు బీరువాలోంచి తీయకండి. మీ అబ్బాయిని కూడా ఈ నెలాఖరుకి సంతకం పెట్టొద్దని చెప్పండి. ఎందుకో చెప్తాను.

పాలసీ చట్టం కాదు. లైసెన్సింగ్ చట్టం 2003లో చేశారు, 2005 నవంబర్ 24 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు మందు లైసెన్సులు మేజిస్ట్రేట్లు ఇచ్చేవారు, ఆ తర్వాత ఆ పని కౌన్సిళ్ళకి వచ్చింది. చట్టం కింద అక్కడి హోం మంత్రి ఇచ్చే మార్గదర్శకాలు ఉంటాయి. ఆ పైన ప్రతి కౌన్సిల్ తన ఊరికి ఒక లైసెన్సింగ్ పాలసీ రాసుకుని, కనీసం ఐదేళ్ళకోసారి తిరగరాయాలి. రాసేముందు పోలీసుల్ని, వ్యాపారుల్ని, ఊళ్ళో ఉండేవాళ్ళని అడగాలి. నిర్ణయం తీసుకునేటప్పుడు కౌన్సిల్ ఆ పాలసీని లెక్కలోకి తీసుకోవాలి, అంతవరకే. తగిన కారణం ఉంటే దాన్ని పక్కనపెట్టొచ్చు కూడా. ఆ కారణమేదో రాతపూర్వకంగా చెప్పాలి.

ఇప్పుడు చెప్పేది మీ అబ్బాయికి రెండుసార్లు చదివి వినిపించండి. దరఖాస్తు సక్రమంగా వేసి, ఇరవై ఎనిమిది రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. పాలసీలో ఏం రాసుందన్నది అప్పుడు ఎవరూ అడగరు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి కూడా ఇది ఒక పట్టాన మింగుడుపడేది కాదు. పాలసీలో పన్నెండు దాకా వద్దని ఉంది కదా, ఎలా ఇస్తాం అనేవారు. ఎవరూ కాదనలేదు కాబట్టి ఇస్తాం. అభ్యంతరం ఒక్కటి వచ్చిందంటే చాలు, పాలసీ నిద్ర లేస్తుంది. అప్పుడు ఫైలు ముగ్గురు కౌన్సిలర్ల ముందుకి వెళ్తుంది, పాలసీలో ప్రతి పేరా లెక్కకొస్తుంది.

మీ అబ్బాయి చూసిన వీధి విషయంలో అభ్యంతరం రాకుండా ఉండటం కష్టం. దాన్ని క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతం అంటారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున విజయనగరంలో మూడులాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డారా ఎప్పుడైనా? బుడగలమ్మేవాడు తప్పు చేయలేదు, బజ్జీల బండివాడు తప్పు చేయలేదు, గాజులమ్మి కూడా తన జానెడు చోటులో తను కూర్చుంది. కానీ అందరూ కలిసేసరికి పసిపిల్లని ఎత్తుకున్న తల్లి అడుగు వేయలేదు. ఒక వీధిలో బార్లు, పబ్బులు ఎక్కువైపోయి, ఏ ఒక్కరి తప్పూ లేకుండానే అర్ధరాత్రి గొడవలు, వాంతులు, పగిలిన గ్లాసులు పెరిగినప్పుడు కౌన్సిల్ లెక్కలు తీసి, ఇక్కడ ఇంక చోటు లేదని ప్రకటిస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి దీనికి చట్టంలోనే చోటిచ్చారు. ఆధారాలు చూపించాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ పరిశీలించాలి. అలాంటి వీధిలో దరఖాస్తు పడితే పోలీసులు దాదాపు ఎప్పుడూ ఉత్తరం రాస్తారు. నా వల్ల ఈ రద్దీ సమస్య పెరగదని ఒప్పించే బరువు అప్పుడు దరఖాస్తుదారు మీద పడుతుంది.

అయినా తలుపు మూసేశారనుకోకండి. అలాంటి చోట కూడా ఏ దరఖాస్తుకా దరఖాస్తు విడిగా చూడాల్సిందే. పైగా పాలసీలు అన్ని షాపుల్నీ ఒక గాటన కట్టవు. నిలబడి తాగే బారు వేరు, కూర్చుని తినే హోటల్ వేరు. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పాలసీ చూడండి. వ్యాపారం రకాన్నిబట్టి కోర్ అవర్స్ అని వేళలు రాసుకుంది. బ్రైటన్‌లో ఒక పట్టికే వేశారు, ఏ ప్రాంతంలో ఏ రకం షాపుకి ఎంతవరకు సానుకూలంగా చూస్తారో అందులో ఉంటుంది. మీ అబ్బాయి కౌన్సిల్ పాలసీలో కూడా రెస్టారెంట్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి. చాలాచోట్ల ఇలా ఉంటుంది: బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేవాళ్ళకే మందు, వెయిటర్ తెచ్చి ఇవ్వాలి, విడిగా బారు కౌంటర్ ఉండదు. నలభై సీట్ల ఆంధ్రా భోజన హోటల్‌కి ఇవి నష్టమా? మామిడికాయ పప్పు తినడానికి వచ్చినవాడు నిలబడి తాగడు కదా.

పన్నెండు గంటల కోరిక మాత్రం వదులుకోమనండి. మందు పదకొండుకి ఆపి, పదకొండున్నరకి తలుపు వేసేలా అడిగితే పోలీసుల ఉత్తరం రాకపోవచ్చు కూడా. ఒక ఏడాది గొడవ లేకుండా నడిపాక, వేళలు పెంచమని మళ్ళీ దరఖాస్తు వేసుకోవచ్చు. అప్పుడు చెప్పుకోవడానికి ఒక ఏడాది చరిత్ర చేతిలో ఉంటుంది. పదకొండు తర్వాత వేడి భోజనం పెట్టాలన్నా లైసెన్సు కావాలి, దాని గురించి కింది ఉత్తరంలో చెప్పాను.

దరఖాస్తులో ఆపరేటింగ్ షెడ్యూల్ అని ఒక భాగం ఉంటుంది. నాలుగు లక్ష్యాలను మీరెలా కాపాడతారో అందులో రాయాలి: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, జనం క్షేమం, ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలగకుండా చూడటం, పిల్లలకి హాని జరగకుండా చూడటం. చట్టమంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది. ఈ వీధికి ఇంకో హోటల్ అవసరమా అన్నది లైసెన్సింగ్ వాళ్ళు అడగకూడని ప్రశ్న, అది వ్యాపారి చూసుకునే విషయం.

ఈ షెడ్యూల్ దగ్గరే మనవాళ్ళు దెబ్బతింటారు. మా కౌంటర్‌కి ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు, ముప్ఫై సీట్ల టిఫిన్ హోటల్. ఎవరో కన్సల్టెంట్‌కి డబ్బు కట్టి షెడ్యూల్ రాయించుకున్నాడు. ఆయన ఏదో నైట్ క్లబ్ కాగితాన్ని దించేశాడు. శుక్ర, శనివారాల్లో తొమ్మిది నుంచి మూసేదాకా లైసెన్సున్న ఇద్దరు సెక్యూరిటీ మనుషులు తలుపు దగ్గర ఉండాలని అందులో ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, లైసెన్సు వచ్చింది, ఆ వాక్యం లైసెన్సు మీద షరతుగా అచ్చయిపోయింది. మీరు షెడ్యూల్‌లో ఏం రాస్తే అదే షరతు అవుతుంది, తప్పితే నేరం. ఇడ్లీ తినడానికి వచ్చిన ముసలాయన్ని తలుపు దగ్గర ఇద్దరు నల్లకోటు మనుషులు ఎగాదిగా చూస్తుంటే ఆ పిల్లాడు గల్లా దగ్గర తల పట్టుకుని కూర్చున్న దృశ్యం నాకింకా కళ్ళ ముందుంది. ఆ షరతు తీయించడానికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు. అందుకని మీవాడిని షెడ్యూల్ సొంతంగా రాయమనండి, పాలసీ పక్కన పెట్టుకుని. చెయ్యగలిగిందే రాయాలి. సీసీ కెమెరా, దాని రికార్డు 31 రోజులు దాచడం, పాతికేళ్ళలోపులా కనిపిస్తే గుర్తింపు కార్డు అడగడం, మందు ఇవ్వనన్న ప్రతిసారీ పుస్తకంలో రాసిపెట్టడం: ఇవి ఎవరైనా చెయ్యగలిగినవి, పోలీసులు చూసేవీ ఇవే.

విచారణ అంటే భయం పెట్టుకోవద్దు. ఒకటి చెప్తాను. ఒక బంగ్లాదేశీ పెద్దాయన రెస్టారెంట్ దరఖాస్తుకి పైన మేడ మీద ఉండే ముసలావిడ అభ్యంతరం రాసింది. విచారణ గదిలో పొడవాటి బల్ల, అటు ముగ్గురు కౌన్సిలర్లు, ఇటు ఆయన, ఆవిడ. ఆయన ప్లాన్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ప్రతి బల్లకీ తన చేత్తో అంకె వేశాడు, 46 కుర్చీలు. బారు కౌంటర్ ఉండాల్సిన చోట ఊరగాయ సీసాల అలమారా గీశాడు. అధ్యక్షురాలు ముసలావిడని మీ బాధ ఏమిటమ్మా అని అడిగింది. ఆవిడ మందు ఊసే ఎత్తలేదు. ఇదివరకు ఆ షాపులో ఉన్నవాళ్ళు రాత్రి పన్నెండున్నరకి ఖాళీ సీసాలు డబ్బాలో గుమ్మరించేవారట, ఆ చప్పుడుకి లేచి కూర్చుంటే మళ్ళీ నిద్ర పట్టేది కాదట. ఆయన వెంటనే, సీసాలు పొద్దున ఎనిమిది తర్వాతే బయటపెడతాను, రాసుకోండి అన్నాడు. ఆవిడ తన ఉత్తరం వెనక్కి తీసుకుంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఆయన దరఖాస్తుకి ముందే మేడ మీదికి వెళ్ళి ఒక కప్పు టీ తాగి వచ్చుంటే ఆ పది నిమిషాలు కూడా అక్కర్లేకపోయేది. మీ అబ్బాయిని, కోడలిని ఈ వారంలోనే పై ఇంటివాళ్ళ దగ్గరికి, ఆ తర్వాత పోలీసుల లైసెన్సింగ్ అధికారి దగ్గరికి వెళ్ళి రమ్మనండి. దరఖాస్తుకి ముందు మాట్లాడటానికి అక్కడ అందరూ ఒప్పుకుంటారు, చాలా పాలసీలు అలా చేయమనే చెప్తాయి.

అందుకే లీజు ఆపమన్నాను. లైసెన్సు వస్తేనే లీజు అమల్లోకి వచ్చేలా షరతు పెట్టి రాయించుకోవాలి. సొలిసిటర్‌కి, అంటే అక్కడి లాయరుకి, ఇది మామూలు పనే. షాపు యజమాని ఒప్పుకోకపోతే ఇంకో వీధి చూసుకోవాలి. ఒకే ఊళ్ళో రెండు సందుల అవతల పాలసీ వర్తించకపోవచ్చు, అక్కడ అద్దె తక్కువ కూడా. ఆ షాపుని హోటల్‌గా వాడుకోవడానికి కావాల్సిన ప్లానింగ్ అనుమతి వేరే ఆఫీసు, వేరే చట్టం, అదీ చూసుకోవాలి.

ఖర్చు భరించలేనిది కాదు. షాపుకి అక్కడి ప్రభుత్వం కట్టిన అద్దె విలువనిబట్టి (రేటబుల్ వాల్యూ అంటారు) దరఖాస్తు ఫీజు 100 పౌండ్ల నుంచి 635 పౌండ్ల దాకా ఉంటుంది. మామూలు వీధి షాపుకి 190 గానీ 315 గానీ అవుతుంది. ఏటా కట్టేది వేరు, అది మర్చిపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు. ఇద్దరిలో ఒకరు ఒక చిన్న కోర్సు చేసి పరీక్ష రాసి, పర్సనల్ లైసెన్సు తీసుకోవాలి. దాని ఫీజు 37 పౌండ్లు. మందు అమ్మే షాపుకి అలాంటి ఒక మనిషి బాధ్యుడిగా ఉండి తీరాలి. కట్టేముందు కౌన్సిల్ ఫీజుల పట్టిక ఒకసారి చూసుకోమనండి.

దరఖాస్తు వేశామని జనానికి తెలిపే నీలం నోటీసు సంగతి మరిచిపోకుండా చెప్పండి. లేత నీలం కాగితం, ఏ4 సైజుకి తక్కువ కాకుండా, అక్షరాలు 16 పాయింట్లకి తక్కువ కాకుండా, దారిన పోయేవాళ్ళు చదవగలిగేలా షాపు బయట 28 రోజులు ఉండాలి. పది పనిదినాల్లోపు లోకల్ పేపర్లో కూడా ప్రకటన పడాలి. ఒకాయన నోటీసు కిటికీ లోపల అంటించాడు. సాయంత్రం షట్టర్ దించేవాడు, దాంతో అది కనిపించేది కాదు. ఇరవై మూడో రోజున ఎదురింటాయన ఫొటో తీసి పంపాడు, లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలైంది. అద్దె మాత్రం ఆగలేదు.

ఇక మీరు ఉత్తరం చివర రాసిన మాట, ఎవరినైనా పట్టుకుంటే అని. వద్దు అన్నయ్యగారూ. మన రాష్ట్రంలో 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకి లాటరీ తీశారు. రెండు లక్షలు తిరిగిరాని ఫీజు కట్టి పేరు వచ్చిందా లేదా అని జనం ఎదురుచూశారు. ఇంగ్లండ్‌లో కోటా లేదు, లాటరీ లేదు. మీ కాగితం మీద ఏముందో అదే మీ పలుకుబడి. విచారణలో కూర్చునే కౌన్సిలర్‌ని ముందుగా కలిస్తే ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవాల్సి వస్తుంది, మీవాడికి చెడ్డపేరు మిగులుతుంది. ఒకవేళ కాదంటే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకొకటి. షాపు ముందే చేతికొస్తే, లైసెన్సు రావడం ఆలస్యమైనా హోటల్ తెరవడం ఆగనక్కర్లేదు. తెరవడానికి కనీసం 28 రోజుల ముందు కౌన్సిల్‌లో ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, రాత్రి పదకొండులోపు భోజనం అమ్ముకోవచ్చు. అది ఉచితం. మందు అమ్మకానికే లైసెన్సు కావాలి. తినడానికి వచ్చినవాళ్ళు సీసా తామే తెచ్చుకుని తాగితే అది అమ్మకం కాదు. చాలా చిన్న హోటళ్ళు అలాగే మొదలయ్యాయి.

*ప్రశ్న: నేను రాజాం అమ్మాయిని, ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. క్లాసుమేట్లం ముగ్గురం కలిసి చిన్న బిర్యానీ టేక్‌అవే తీసుకుందామనుకుంటున్నాం. శుక్ర, శని రాత్రి రెండు దాకా. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది. మేం మందు అమ్మం కదా, లైసెన్సు అక్కర్లేదంటున్నాడు షాపు ఇస్తానన్నాయన. నిజమేనా?*

నిజం కాదమ్మా. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా వేడి భోజనం గానీ, వేడి టీ కాఫీలు గానీ జనానికి అమ్మాలంటే అదే చట్టం కింద లైసెన్సు ఉండాలి. చల్లటి పెరుగన్నం అమ్మితే అక్కర్లేదు, పొగలు కక్కే బిర్యానీకి కావాలి. లైసెన్సు లేకుండా అమ్మితే జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. మందు లేదు కాబట్టి పర్సనల్ లైసెన్సున్న మనిషి అక్కర్లేదు, అదొక్కటే తేడా. పాలసీలు అర్ధరాత్రి టేక్‌అవేల విషయంలో కఠినంగా ఉంటాయి, ఎందుకంటే పబ్బులు మూశాక జనమంతా చేరేది అక్కడే, క్యూలో తోపులాట మొదలయ్యేదీ అక్కడే. డెలివరీ మాత్రమే చేసి, కౌంటర్ దగ్గర అమ్మకం పదకొండుకి ఆపేస్తే కొన్ని కౌన్సిళ్ళు మెత్తగా చూస్తాయి.

కానీ తల్లీ, నీ విషయంలో ఇదంతా తర్వాతి మాట. స్టూడెంట్ వీసా మీద వ్యాపారం చేయకూడదు. సొంత పేరుతో లైసెన్సు అడిగేవాళ్ళకి ఆ దేశంలో పనిచేసే హక్కు ఉందో లేదో 2017 ఏప్రిల్ నుంచి కౌన్సిల్ చూస్తుంది, దరఖాస్తు ఇమిగ్రేషన్ వాళ్ళకి కూడా వెళ్తుంది. బిర్యానీ ఆశతో వేసిన ఫారం నీ వీసాని ముంచుతుంది. షాపు ఇస్తానన్నాయనకి ఇది తెలియకపోవడం నేను నమ్మను. అడ్వాన్స్ ఇవ్వకు. ఇచ్చి ఉంటే రసీదు జాగ్రత్త చేసి, ఈరోజే మీ యూనివర్సిటీలో విద్యార్థుల సలహా కేంద్రానికి వెళ్ళు. అమ్మానాన్నలకి చెప్పడానికి భయపడుతున్నావని నీ ఉత్తరంలో తెలుస్తోంది. చెప్పు. వాళ్ళు కోప్పడతారు, ఒక పూట.

*ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, వీణలు చేసే కుటుంబం. మా మేనల్లుడికి అక్కడ మందు లైసెన్సున్న రెస్టారెంట్ ఉంది. శనివారం సాయంత్రాలు వీణ కచేరీ పెడతానంటున్నాడు. దానికి మళ్ళీ లైసెన్సా?*

మైకు లేకుండా వాయిస్తే పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా ఎక్కడైనా లైసెన్సు అక్కర్లేదు. మైకు పెట్టినా, మందు లైసెన్సున్న చోట, అవే గంటల మధ్య, తెరిచి ఉన్న వేళల్లో, వినేవాళ్ళు ఐదువందలు మించకపోతే అక్కర్లేదు. రికార్డు పాటలు వేస్తే మాత్రం పాటల హక్కుల (కాపీరైట్) లైసెన్సు వేరే తీసుకోవాలి. మీ పనస చెక్క వీణ ఆ ఊరి హోటల్‌లో మోగుతుందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆరు అంటే ఆరుకి మొదలుపెట్టమనండి, పిల్లలు కూడా వింటారు.

*ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఒక షాపు పైన ఫ్లాట్‌లో ఉంటారు. మనవడికి రెండేళ్ళు. కింద ఖాళీగా ఉన్న షాపులో రాత్రి రెండు దాకా బారు వస్తుందని నీలం కాగితం అంటించారట. మేం బయటి దేశం వాళ్ళం, మా మాట ఎవరు వింటారు అంటోంది అమ్మాయి. – ఒక అమ్మమ్మ, విజయనగరం*

వింటారు వదినగారూ. మీ అమ్మాయి పౌరురాలా కాదా అని ఎవరూ అడగరు. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, ఆ షాపుకి దగ్గర్లో ఉండాలన్న నియమం కూడా 2012లో తీసేశారు. కాకపోతే మీ అమ్మాయి సరిగ్గా దాని నెత్తి మీదే ఉంది కాబట్టి ఆమె మాటకి బరువెక్కువ.

నోటీసు మీద ఆఖరు తేదీ ఉంటుంది, అది దాటితే ఎంత మంచి ఉత్తరమైనా పనికిరాదు. పేరు, చిరునామా రాయాలి, అవి దరఖాస్తుదారుకి తెలుస్తాయి, దానికి సిద్ధపడాలి. మందు తాగడం తప్పని రాస్తే పక్కన పెట్టేస్తారు. ఇంటి ధర పడిపోతుందన్నా అంతే. పై నాలుగు లక్ష్యాల్లో ఒకదానికి తగిలేలా రాయాలి, ఆమెకి తగిలేది ఇరుగుపొరుగు ఇబ్బంది. పడకగది ఆ బారు తలుపుకి పైన ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, కిటికీ ఒంటి అద్దమా, రెండు అద్దాలదా, పొగతాగేవాళ్ళు ఎక్కడ నిలబడతారు, పిల్లవాడు ఎన్నింటికి పడుకుంటాడు: ఇవి రాయమనండి. ఆ తర్వాత పాలసీ తీసి, ఇళ్ళున్న చోట వేళల గురించి ఏం రాశారో చూసి, ఆ పేరా నంబరు ఉత్తరంలో వేయమనండి. మా దగ్గరికి వచ్చిన అభ్యంతరాల్లో పేరా నంబరు వేసినవి చాలా తక్కువ. అవి బల్ల మీదికి వచ్చినప్పుడు కౌన్సిలర్లు కళ్ళజోడు సర్దుకుని పాలసీ పుస్తకం తెరిచేవారు. పలాస అన్నయ్యగారి అబ్బాయి ఏ పుస్తకం చూసి తన హోటల్ కోసం వాదించాలో, మీ అమ్మాయి తన పిల్లవాడి నిద్ర కోసం చూడాల్సిందీ అదే.

మొత్తానికే వద్దని అడగడం కంటే, రెండుని పదకొండు చేయమని, తొమ్మిది తర్వాత కిటికీలు మూయమని, సీసాలు రాత్రి పారబోయవద్దని అడిగితే దక్కే అవకాశం ఎక్కువ. విచారణకి పిలిస్తే వెళ్ళమనండి, ఉత్తరం కంటే మనిషి కనిపిస్తే వేరు. సెలవు దొరక్కపోతే తన తరఫున ఇంకొకరిని పంపొచ్చు.

ఒకవేళ లైసెన్సు వచ్చేసినా దారి ఉంది. ఇబ్బంది ఎక్కువైతే ఆ లైసెన్సుని మళ్ళీ పరిశీలించమని అడిగే హక్కు ఆమెకి ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు కావాల్సింది ఆధారం: తేదీ, టైము, ఏం వినిపించింది, ఎంతసేపు. ఒక రూళ్ళ పుస్తకం కొని పడకగదిలో మంచం పక్కన పెట్టుకోమనండి. ఇప్పుడు కింద షాపు ఖాళీగా ఉందంటున్నారు కదా, రాత్రిళ్ళు ఆ వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందో అదే మొదటి పేజీలో రాయాలి. బారు తెరిచాక రాయలేని పేజీ అదొక్కటే, కాబట్టి ఈ రాత్రే మొదలుపెట్టమనండి.